అంతఃపురపు వంట, అరపూట పాఠం

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై నగరానికి 1296లో మంగ్రాయ్ రాజు పునాది వేశాడు. పాత నగరపు చతురస్రాకారపు హద్దులను ఇప్పటికీ చూపించే కందకాల లోపలి వీధుల్లో, బౌద్ధారామాలకు ఏమాత్రం తీసిపోకుండా అడుగడుగునా కనిపించేవి పరదేశి యాత్రికులకు వంట నేర్పే బడులు. పొద్దున్నే బస దగ్గరికి బండి వచ్చి యాత్రికులను ఎక్కించుకోవడం, ముందుగా కూరగాయల బజారు తిప్పడం, ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక పొయ్యి, ఒక మూకుడు, ఒక రోలు అప్పగించి ఐదారు వంటకాలు చేయించడం, చేసినవాటిని అక్కడే తినిపించి ఒక చిన్న పాకపుస్తకం చేతికిచ్చి పంపడం అనే ఈ క్రమం చూసేవారికి ఎంత సహజంగా తోస్తుందంటే, అది తరతరాల ఆచారమేమో అనిపిస్తుంది. నిజానికి దీని వయసు నాలుగు దశాబ్దాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అయితే ఇది శూన్యం నుంచి పుట్టలేదు. అంతఃపుర స్త్రీల విద్య, అచ్చుయంత్రం తెచ్చిన పాకశాస్త్ర గ్రంథాలు, జాతీయవాద ప్రభుత్వపు ఆహార ప్రచారం, యాత్రికుల రాక అనే నాలుగు పాయలు వేర్వేరు కాలాల్లో వచ్చి ఇందులో కలిశాయి. ఈ బడులు వంట నేర్పడంతో ఆగక, థాయ్ వంట అంటే ఏది, ఏది కాదు అన్న తీర్పు కూడా ఇచ్చాయన్నది వాటి చరిత్రలో గమనించవలసిన అంశం.

పరాయి దేశం వెళ్లి అక్కడి వంట నేర్చుకోవడమనే అలవాటుకు మొదటి కేంద్రం ఆసియాలో లేదు, పారిస్‌లో ఉంది. 1895లో మార్త్ దిస్తెల్ అనే పాత్రికేయురాలు స్థాపించిన వంటల పత్రిక తన చందాదారుల కోసం మరుసటి ఏడాది జనవరిలో పాక ప్రదర్శనలు మొదలుపెట్టగా, అదే క్రమంగా ‘ల కోర్దో బ్లూ’ అనే ప్రసిద్ధ పాఠశాలగా ఎదిగింది. పత్రిక పేరులోని ఆ మాటకు నీలి పట్టీ అని అర్థం. 1578లో మూడవ హెన్రీ నెలకొల్పిన రాజపురస్కారంతో ధరించే నీలి పట్టీ నుంచి, గొప్ప వంటవారిని సూచించే పలుకుబడిగా అది మారింది. అమెరికా నుంచి వచ్చిన జూలియా చైల్డ్ 1949లో ఆ బడిలో చేరి మాజీ సైనికులతో కలిసి చదివి, 1961లో ఫ్రెంచి వంటపై ఇద్దరు సహరచయిత్రులతో కలిసి వెలువరించిన గ్రంథం తర్వాత, పరదేశంలో వంట నేర్చుకోవడం పాశ్చాత్య మధ్యతరగతికి ఒక ఆకాంక్షగా స్థిరపడింది. కానీ పారిస్ చదువు నెలల తరబడి సాగేది, వృత్తి విద్యను పోలి ఉండేది. దాన్ని ఒక పూటకు కుదించి, సెలవుల్లో వచ్చినవారి చేతికి అందించిన ఘనత, అది ఘనత అనుకుంటే, ప్రధానంగా థాయ్‌లాండ్‌దే.

అప్పట్లో సయాం అని పిలిచిన ఆ దేశంలో వంట పద్ధతిగా నేర్పిన తొలి చోటు బ్యాంకాక్ మహారాజప్రాసాదంలోని లోపలి భాగం. 1782లో బ్యాంకాక్ రాజధాని అయిన తర్వాత అభివృద్ధి చెందిన ఈ అంతఃపురాన్ని ‘ఫాయ్ నాయ్’ అంటారు, అంటే లోపలి పక్షం అని అర్థం. రాజు మినహా వయసు వచ్చిన పురుషుడెవరూ నివసించడానికి వీల్లేని, కావలి కూడా స్త్రీలే కాసే ఈ ప్రాకారంలో రాణులు, రాజకుమార్తెలు, వారి పరిచారికలు వేల సంఖ్యలో ఉండేవారు. కులీన కుటుంబాలు తమ ఆడపిల్లలను చిన్నతనంలోనే ఇక్కడికి పంపేవి. నడక, మాట, పూలదండ గుచ్చడం, అత్తరు కలపడం, పండ్లను పువ్వుల్లా చెక్కడం, వంట చేయడం అనేవి అక్కడి పాఠాలు. ‘తమ్నాక్’ అని పిలిచే ఒక్కొక్క రాజస్త్రీ నివాసం ఒక్కొక్క విద్యకు పేరు పొందేది కాబట్టి, ఏ నివాసంలో పెరిగిందన్న దాన్నిబట్టి ఆ పిల్ల చేతి పని ఎలాంటిదో బయటివారు అంచనా వేసేవారు. మామ్ రాచవాంగ్ కుక్రిత్ ప్రామోజ్ రాసిన ‘సీ ఫెన్ దిన్’, అంటే నాలుగు పాలనలు అనే నవలలో కథానాయిక ప్లోయ్ బాల్యంలోనే ఇలా అంతఃపురంలో చేరుతుంది. ఈ లోకాన్ని తర్వాతి తరాల థాయ్ పాఠకులు ఊహించుకునే తీరును ఆ నవల చాలావరకు నిర్ణయించింది.

‘చావ్ వాంగ్’ అనే రాజప్రాసాద శైలికీ బయటి వంటకీ తేడా దినుసుల్లో కంటే శ్రమలో ఎక్కువగా కనిపిస్తుంది. చేప ముల్లు ఒక్కటి మిగలకూడదు, పండులో గింజ పంటికి తగలకూడదు, ఏ రుచీ మరో రుచిని మింగకూడదు. ఈ శైలికి తరచుగా చెప్పే ఉదాహరణ ‘ఖావ్ ఛే’. మోన్ జాతి ప్రజల నుంచి వచ్చి, ఐదవ రాముడిగా పిలిచే చులాలాంగ్‌కార్న్ రాజు కాలంలో (1868–1910) అంతఃపురంలో నాజూకు తేలిన ఈ ఎండాకాలపు వంటకంలో, మల్లెలు వేసి పరిమళింపజేసిన చల్లటి నీటిలో అన్నాన్ని నానబెట్టి, ఎంతో ఓపికతో చేసిన నంజుళ్లతో తింటారు. తెలుగు పాఠకులకు తరవాణి గుర్తుకు రావచ్చు. కానీ తరవాణికి ప్రాణమైన పులుపు ఇందులో ఉండదు. పూల వాసనే ఇక్కడ ప్రధానం.

ఈ వంటశాల బయటి ప్రపంచానికి తలుపులు మూసుకున్నదని అనుకుంటే అది పొరపాటు. అయుత్థయ రాజధానిగా ఉన్న 17వ శతాబ్దంలో నారాయ్ రాజు కొలువులో ఉన్నత పదవి పొందిన గ్రీకు జాతీయుడు కాన్‌స్టంటైన్ ఫాల్కన్ భార్య, పోర్చుగీసు, జపాను రక్తం కలిసిన మరియా గుయోమర్ ద పిన్యా, గుడ్డు పచ్చసొనతో చేసే బంగారు రంగు మిఠాయిలను ప్రాసాదపు వంటవారికి నేర్పిందని సంప్రదాయం చెబుతుంది. ‘ఫోయ్ తోంగ్’ అనే ఆ బంగారు దారాల మిఠాయి నేటికీ పెళ్లిళ్లలో శుభసూచకం. రెండవ రాముడు (1809–1824) రాసినదిగా చెప్పే, వంటకాలను వర్ణించే పడవ పాటలో ప్రస్తావనకు వచ్చే ‘మస్సమాన్’ కూర పేరులోనే ముసల్మాను అనే మాట ఉంది. పరదేశులకు వంట నేర్పడానికి చాలా ముందే సయాం పరదేశుల దగ్గర వంట నేర్చుకుంది.

అంతఃపుర విద్యను ప్రాకారం దాటించినది అచ్చు. ప్లియన్ పాసకొరవోంగ్ అనే కులీన స్త్రీ పాశ్చాత్య గృహనిర్వహణ గ్రంథాల నమూనాను అనుసరించి రాసిన ‘మే క్రువ హువ పా’, అంటే నేర్పరి వంటగత్తె అనే సంపుటాలు 1908లో వెలువడటం మొదలైంది. థాయ్ భాషలో తొలి సమగ్ర పాకశాస్త్ర గ్రంథంగా వాటికి గుర్తింపు ఉంది. అప్పటిదాకా అమ్మమ్మ చేతి నుంచి మనుమరాలి చేతికి, రాణి నివాసం నుంచి పరిచారికకు అందిన విద్య, ముఖపరిచయం లేని పాఠకురాలికి మొదటిసారి ఒక పుస్తకం ద్వారా చేరింది.

అంతకంటే విచిత్రమైన మరో పుస్తక సంప్రదాయం ఆ దేశంలో ఉంది. థాయ్ బౌద్ధులు అంత్యక్రియలకు వచ్చినవారికి మరణించిన వ్యక్తి స్మారకంగా ఒక పుస్తకాన్ని ముద్రించి పంచుతారు. జీవిత విశేషాలతో పాటు ఏదైనా జ్ఞానాన్ని పంచడం పుణ్యమని భావించి, చాలా కుటుంబాలు ఆ పుస్తకాల్లో మరణించిన స్త్రీకి పేరు తెచ్చిన వంటకాల విధానాలను చేరుస్తాయి. దహన సంస్కారపు పుస్తకంలో పప్పు తాలింపు ఎలా పెట్టాలో రాసి ఉండటాన్ని తెలుగు ఇళ్లలో ఊహించడం కష్టమే. కానీ థాయ్ వంట చరిత్ర రాసేవారికి ఇవే అత్యంత విలువైన ఆధారాలు. బ్యాంకాక్‌లోని వాత్ బొవొన్నివేత్ ఆరామ గ్రంథాలయంలో వీటి పెద్ద సేకరణ ఉంది. ఆస్ట్రేలియా వంటనిపుణుడు డేవిడ్ థాంప్సన్ 2002లో ప్రచురించిన బృహత్ గ్రంథానికి కూడా పాత వంటగత్తెల నుంచి నేర్చుకున్న విద్యతో పాటు ఇలాంటి స్మారక గ్రంథాలే ఆధారమయ్యాయి.

పుస్తకం చెప్పలేనిది రోలు చెబుతుంది. థాయ్ వంటకు కేంద్రం పొయ్యి కంటే ‘క్రోక్’ అనే రోలే. ఇవి ప్రధానంగా రెండు రకాలు: కూర ముద్ద నూరడానికి బరువైన రాతి రోలు, పచ్చి బొప్పాయి తురుముతో చేసే ‘సోమ్ తమ్’ కోసం కొయ్య రోకలితో దంచే లోతైన మట్టి రోలు. రాతి రోళ్లకు చోన్‌బురి రాష్ట్రంలోని ఆంగ్ సిలా పట్టణం పేరు పొందింది. ‘ఖ్రుయాంగ్ కేంగ్’ అనే కూర ముద్దలో మిరపకాయలు, ఉప్పు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రకం జాతికి చెందిన ‘ఖా’ అనే దుంప, గరుకు తోలు గల మక్రూత్ నిమ్మ పైతొక్క, కొత్తిమీర వేళ్లు, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, చివరగా ‘కపి’ అనే పులిసిన రొయ్యల ముద్ద చేరతాయి. గట్టివాటిని ముందు, మెత్తనివాటిని తర్వాత వేసి, ఒకటి పూర్తిగా నలిగాకనే మరొకటి వేయాలన్న నియమాన్ని రోటి పచ్చడి తెలిసిన తెలుగువారికి వివరించనక్కర లేదు. పెళ్లి సంబంధానికి వచ్చినవారు రోటి చప్పుడు విని పిల్ల పనితనాన్ని తేల్చేవారన్న మాట థాయ్ ఇళ్లలో ప్రచారంలో ఉంది. స్త్రీ ఆకర్షణ కొబ్బరి చిప్ప గరిటె కొసన ఉంటుందన్న నానుడి కూడా అదే లోకానిది. ఈ నానుడిని ఈనాటి వంటబడులు యాత్రికులకు ముచ్చటగా వినిపిస్తాయి గానీ, అది మోపిన బరువు ఎవరి భుజాల మీద పడిందో చెప్పడం వాటి పాఠ్యక్రమంలో లేదు.

ఆ ముద్దను వేయించే పద్ధతి కూడా గమనించదగినది. కొబ్బరి పాలను తల, తోక అని రెండుగా విభజిస్తారు. తల అంటే మొదట పిండిన చిక్కటి పాలు, తోక అంటే తర్వాత వచ్చే పలచటి పాలు. చిక్కటి పాలను నూనె విడిపోయేదాకా కాచి, ఆ నూనెలోనే ముద్దను వేయించి, వాసన మారాక పలచటి పాలు పోస్తారు. కొబ్బరి కోరే పీటను ‘క్రతాయ్’, అంటే కుందేలు అంటారు. ముందుకు పొడుచుకొచ్చిన కోరుడు పళ్లను కుందేలు పళ్లతో పోల్చడం, కొన్ని పీటలను ఆ ఆకారంలోనే చెక్కడం దీనికి కారణాలుగా చెబుతారు.

మిరపకాయ విషయంలో థాయ్, తెలుగు భాషల అనుభవం ఒక్కటే. రెండు చోట్లా ఆ కాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వర్తక మార్గాల ద్వారా చేరింది. అయుత్థయ రాజ్యం పోర్చుగీసువారితో 1516లోనే ఒప్పందం చేసుకుంది. అంతకు ముందు రెండు వంటల్లోనూ కారానికి ఆధారం మిరియాలు, పిప్పళ్లు. కొత్త కాయకు తెలుగువారు మిరియపు పేరునే సాగదీసి మిరపకాయ అన్నారు. థాయ్‌లో మిరియానికి ఉన్న ‘ప్రిక్’ అనే పేరును మిరపకాయ ఎత్తుకుపోగా, పాత మిరియం ‘ప్రిక్ థాయ్’, అంటే థాయ్ మిరప అయింది. వలస వచ్చినది ఇంటి పేరు తీసుకుంటే, ఇంట్లో ఉన్నది తానూ ఇంటిదాన్నే అని చెప్పుకోవలసి వచ్చింది.

1910లో గద్దెనెక్కిన ఆరవ రాముడు బహుభార్యాత్వానికి మొగ్గు చూపకపోవడంతో అంతఃపురం పలచబడసాగింది. 1932 విప్లవం రాచరికపు సర్వాధికారాన్ని రద్దు చేశాక ఆ లోకం తిరిగి కోలుకోలేదు. ప్రాసాదంలో పెరిగిన స్త్రీలు బయటి ఇళ్లకు, బడులకు, కొందరు వ్యాపారాలకు మళ్లారు. బ్యాంకాక్‌లోని నేటి సువాన్ దుసిత్ విశ్వవిద్యాలయం 1934లో గృహవిజ్ఞాన పాఠశాలగా మొదలైంది. 1938లో ప్రధాని అయిన ఫిబూన్ సోంగ్‌క్రామ్ మరుసటి ఏడాది దేశం పేరును థాయ్‌లాండ్‌గా మార్చి, దుస్తుల నుంచి భోజనం దాకా జాతీయ అలవాట్లను ప్రభుత్వ ఆజ్ఞలతో మలచబోయాడు. చైనా మూలాలున్న బియ్యపు సేమ్యాను చింతపండు, తాటిబెల్లం, చేపల పులుసునీరు అయిన ‘నామ్ ప్లా’తో వేయించిన వంటకం ‘ప్యాడ్ థాయ్’ అనే పేరుతో, రెండో ప్రపంచయుద్ధ కాలపు ప్రచారం అండతో దేశమంతటా పాకింది. పేరులో జాతి ఉన్నంత మాత్రాన వంటకం పాతదని అనుకోరాదు. పాత వంటకాలకు అలాంటి పేరు అవసరం పడదు.

యాత్రికుల కథ 1960లో ప్రభుత్వ పర్యాటక సంస్థ ఏర్పాటుతో మొదలై, వియత్నాం యుద్ధకాలంలో సెలవులపై వచ్చిన అమెరికా సైనికులతో ఊపందుకుంది. అయితే సైనికులు వంట నేర్చుకోవడానికి రాలేదు. భుజాన సంచితో, తక్కువ ఖర్చుతో, నెలల తరబడి తిరిగే యువ యాత్రికులు వేరే రకం. వారి కోసం జో కమింగ్స్ రాసిన థాయ్‌లాండ్ మార్గదర్శి గ్రంథం 1982లో వెలువడింది. ప్రభుత్వం 1987ను పర్యాటక సంవత్సరంగా ప్రకటించింది. ఆ దశాబ్దంలోనే బ్యాంకాక్‌లోని ఓరియంటల్ హోటల్, చావ్ ప్రాయా నదికి ఆవలి ఒడ్డున, చాలీ అమాత్యకుల్ సారథ్యంలో అతిథుల కోసం థాయ్ వంటబడిని నడిపింది. ఖరీదైన హోటల్లో బస చేసేవారికి ప్రాసాద శైలి నాజూకును పరిచయం చేసిన ఈ బడి, అంతఃపుర విద్యకూ యాత్రికుల విద్యకూ మధ్య వంతెన అనదగినది.

ఆ విద్యను సామాన్య యాత్రికుడి చేతికి తెచ్చినది చియాంగ్ మై. 1993లో సోంపోన్ నబ్నియాన్, ఆయన భార్య ఎలిజబెత్ అక్కడ స్థాపించిన వంటబడి ఈ తరహా బడుల్లో తొలినాటిది. కొండజాతుల గ్రామాలకు కాలినడక యాత్రలకు వచ్చి, నగరంలో రోజుల తరబడి మకాం వేసే యాత్రికులు అక్కడ పుష్కలంగా ఉండటం, ఖాళీ పెరడున్న ఇళ్లు దొరకడం, ఇంగ్లిషు తెలిసిన వంటవారికి మరో జీవనాధారం కనిపించడం వల్ల ఇలాంటి బడులు వరుసగా పుట్టుకొచ్చాయి. కోటలోని సోంఫెత్ బజారు వంటివి పాఠశాల తొలి తరగతి గదులయ్యాయి. ఆ తర్వాత నగరం వెలుపల సొంత తోటలున్న బడులు వచ్చి, ఆకు కోయడాన్ని కూడా పాఠంలో చేర్చాయి.

పారిస్ పద్ధతితో పోలిస్తే ఇక్కడ మారినది కాలవ్యవధి ఒక్కటే కాదు. కోర్దో బ్లూ ప్రదర్శనలో గురువు వండితే శిష్యులు చూసి రాసుకునేవారు. చియాంగ్ మై బడిలో గురువు చెబుతుండగా శిష్యుడు తానే వండి, తానే తిని, ఆ పూటే పట్టభద్రుడవుతాడు. ఇంత తక్కువ సమయంలో వంటకం తప్పకుండా కుదరాలి కాబట్టి, ముద్దలో కొంత ముందే నూరి ఉంచుతారు, కొబ్బరి పాలు డబ్బాలోంచి వస్తాయి, దినుసులు చిన్న గిన్నెల్లో కొలిచి సిద్ధంగా ఉంటాయి. అంతఃపురంలో ఏళ్లు పట్టిన శ్రమలోంచి శ్రమను తీసేసి రుచిని మిగిల్చే ప్రయత్నమిది. దీన్ని మోసం అనడం అన్యాయం. సాయంత్రపు రైలెక్కవలసిన మనిషికి ఇంతకంటే నిజాయితీగా నేర్పడం కుదరదు.

చిక్కు వంటకాల ఎంపికలో ఉంది. నేర్పే పట్టిక ఎక్కడ చూసినా దాదాపు ఒకటే: తోమ్ యమ్ పులుసు, ప్యాడ్ థాయ్, పచ్చ కూర, బొప్పాయి సోమ్ తమ్, మామిడిపండుతో జిగురు బియ్యం అన్నం. వీటిలో సోమ్ తమ్ ఈశాన్య ప్రాంతంతో ముడిపడినది, మిగిలినవి ప్రధానంగా బ్యాంకాక్ పరిసర మధ్య మైదానాలవి. చియాంగ్ మై మాత్రం శతాబ్దాల పాటు లాన్నా అనే వేరే రాజ్యానికి రాజధాని; దాని వంటలో కొబ్బరి పాల వాడకం తక్కువ, జిగురు అన్నం, అడవి ఆకులు, పులియబెట్టిన మాంసం, చేదు రుచి ఎక్కువ. ఆ నగరంలో కూర్చుని ఆ నగరపు వంట కాకుండా రాజధాని వంట నేర్చుకుని వెళ్లే యాత్రికుడు తాను స్థానిక వంట నేర్చుకున్నానని నమ్ముతాడు. విదేశాల్లోని థాయ్ హోటళ్లలో తాను ఇదివరకే తిన్నవాటినే అతడు అడుగుతాడు, అడిగినవాటినే బడి నేర్పుతుంది, నేర్చుకున్నవాటినే అతడు మళ్లీ తన దేశంలో వెతుక్కుంటాడు. ‘ఖావ్ సోయ్’ అనే ఉత్తరాది సేమ్యా పులుసుకు కొన్ని పట్టికల్లో చోటు దక్కింది గానీ, ఆ ప్రాంతపు మిగిలిన వంటకాలకు అంత అదృష్టం లేదు.

ప్రభుత్వం ఈ చక్రాన్ని మరింత వేగంగా తిప్పింది. విదేశాల్లో థాయ్ భోజనశాలల సంఖ్యను పెంచే పథకాన్ని 2002లో చేపట్టింది. 1980లో బ్రస్సెల్స్‌లో పుట్టిన బ్లూ ఎలిఫెంట్ భోజనశాల అదే 2002లో బ్యాంకాక్‌కు వచ్చి వంటబడి కూడా తెరిచింది. 2007లో కోర్దో బ్లూ స్వయంగా బ్యాంకాక్‌లో శాఖ నెలకొల్పింది. 2019 నాటికి ఏడాదికి దాదాపు 4 కోట్ల మంది విదేశీ యాత్రికులు వచ్చే ఆ దేశంలో, 2020లో సరిహద్దులు మూతపడినప్పుడు వారిపైనే ఆధారపడిన బడుల పొయ్యిలు ఆరిపోయాయి. 2024 డిసెంబరులో యునెస్కో తోమ్ యమ్ కుంగ్ అనే రొయ్యల పులుసును మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

2023 నవంబరులో భారతీయులకు వీసా మినహాయింపు లభించడంతో తెలుగు యాత్రికులకు థాయ్‌లాండ్ ప్రయాణం మరింత సులువైంది. అక్కడి బడిలో వారికి తెలిసిన మాటలు కొన్ని వినిపిస్తాయి: ఆహారం ‘ఆహాన్’ అవుతుంది, రసం అంటే రుచి ‘రోత్’ అవుతుంది, శాకాహారాన్ని ‘మంగ్‌సవిరత్’ అంటారు, అది మాంసవిరతి అనే సంస్కృత సమాసమే. ఆ మాట చెప్పినంత మాత్రాన చేపల పులుసునీరు, రొయ్యల ముద్ద తప్పుకుంటాయని శాకాహారులు అనుకోరాదు. ఆ రెండింటినీ విడిగా పేరు పెట్టి వద్దనడం మేలు, సోయా పులుసును బదులుగా వాడటం బడుల్లో మామూలే.

తెలుగువారు అడగవలసినది మరొకటి ఉంది. ఉత్తరాది ఇళ్లలో పొడవాటి పచ్చిమిరపకాయలను, చిన్న ఉల్లిపాయలను, వెల్లుల్లిని నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, జిగురు అన్నంతో, ఉడికించిన కూరగాయలతో నంజుకుంటారు. దాని పేరు ‘నామ్ ప్రిక్ నుమ్’. అది మన కాల్చిన మిరపకాయల రోటి పచ్చడికి వేలు విడిచిన చుట్టం. చాలా బడుల పట్టికలో కనిపించదు. చియాంగ్ మై వెళ్లేవారు ప్యాడ్ థాయ్ పక్కన పెట్టి, దాన్ని నేర్పమని అడగండి.